నాలుగున్నర ఎకరాలు, ఒక కంచె

ప్రశ్న: మాది కోనసీమలో ఒక పల్లెటూరు. నా వయసు 38. మా వారు నాలుగేళ్ళ క్రితం గుండెపోటుతో పోయారు. ఒక్కతే పాప, పదో తరగతి చదువుతోంది. మామగారు అంతకు ముందే కాలం చేశారు. ఆయన స్వార్జితం నాలుగున్నర ఎకరాల కొబ్బరి తోట ఉంది. 1996 తుపానుకి పాత చెట్లన్నీ పడిపోతే ఆయనా అత్తగారూ మళ్ళీ మొదటి నుంచీ వేసుకున్న తోట. మా వారు, బావగారు ఇద్దరే కొడుకులు. ఆడపడుచులు లేరు. వీలునామా లేదు. మా వారు ఉన్నన్నాళ్ళూ దింపు డబ్బులు, అంటే కాయలు దింపి అమ్మిన డబ్బులు, అన్నదమ్ములు చెరి సగం తీసుకునేవారు. ఆయన పోయాక ఒక ఏడాది బావగారు ఎంతో కొంత ఇచ్చారు. తర్వాత మూడేళ్ళుగా పైసా లేదు. సగం తోట మాదే కదా అని అడిగితే "ఆడపిల్ల తల్లివి, నీకు వాటా ఏమిటి" అన్నారు. పెద్దమనుషుల్లో పెడితే మా అన్నయ్యకీ ఆయనకీ మాటా మాటా పెరిగింది. మర్నాడే రెండిళ్ళ మధ్య కంచె వేయించారు. బోరు అటు పక్క ఉండిపోయింది. అత్తగారు వాళ్ళింట్లోనే ఉంటారు, నాతో మాట్లాడరు. వాళ్ళమ్మాయి, మా పాప ఒకే స్కూలు, ఒకే క్లాసు. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. మొన్న సంక్రాంతికి మాత్రం మా తులసికోట గట్టు మీద ఒక స్టీలు డబ్బాలో అరిసెలు ఉన్నాయి. డబ్బా అత్తగారిది. అది ఇంకా నా దగ్గరే ఉంది, ఎలా ఇవ్వాలో తెలియక ఇవ్వలేదు.

ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేస్తున్నాను. అన్నయ్య కేసు వేయమంటాడు. నాకు గొడవ వద్దు, శాంతి కావాలి. మాకేమీ వద్దని రాసిచ్చేసి అన్నయ్య ఊరు వెళ్ళిపోదామనుకుంటున్నాను. రాత్రి మూడింటికి మెలకువ వస్తే ఇక నిద్ర పట్టదు. పాప లేకపోతే నేనూ ఆయన దగ్గరికే వెళ్ళిపోయేదాన్ని అనిపిస్తుంది. ఇంకా ఆశ ఎక్కడ పెట్టుకోమంటారు?

— ఒక సోదరి

సమాధానం:

అమ్మా, తోట సంగతి తర్వాత. ముందు ఆ మూడు గంటల మెలకువ గురించి. నిద్ర లేకపోవడం, ఆయన దగ్గరికే వెళ్ళిపోయేదాన్ని అన్న తలపు, ఈ రెండూ ఒకే ఉత్తరంలో కనబడితే నేను మిగతాది పక్కన పెట్టేస్తాను. 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ సేవ. డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి మూడింటికి చేసినా ఎత్తుతారు. అంత దూరం రాలేదులెండి అనుకోకండి. జ్వరం 104 అయ్యేదాకా ఆగి మాత్ర వేసుకునేవాళ్ళు ఉండరు కదా. ఆ తలపు మళ్ళీ బలంగా వచ్చిన రాత్రి పాపనో అన్నయ్యనో లేపి పక్కన కూర్చోబెట్టుకోండి. నిద్ర కొంచెం కుదుటపడేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఎవరు తెచ్చినా సరే, మీ అన్నయ్య తెచ్చినా సరే.

ఇప్పుడు తోట.

మీరు సగం అంటున్నారు. మీ బావగారు సున్నా అంటున్నారు. మీరిద్దరూ చెప్పేదీ తప్పే. నేను స్కూల్లో ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, రిటైరయ్యాక తగాదాలకు రాజీ కుదిర్చే లోక్ అదాలత్ బెంచీ మీద సభ్యురాలిగా కూర్చున్నదాన్ని. ఆస్తి తగాదాల్లో నేను చూసింది ఏమిటంటే, తిట్లు అందరికీ కంఠస్థం, వాటాల లెక్క మాత్రం ఎవరూ వేసుకుని రారు. కాబట్టి ఒక తెల్ల కాగితం తీసుకుని నాతో పాటు వేయండి.

తోట మామగారి స్వార్జితం, వీలునామా లేదు అన్నారు. అలాంటప్పుడు 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన పోయిన రోజునే ఆ ఆస్తి ఆయన భార్యకూ పిల్లలకూ సమానంగా వెళ్ళింది. అంటే మూడు వాటాలు: అత్తగారికి ఎకరంన్నర, బావగారికి ఎకరంన్నర, మీ వారికి ఎకరంన్నర. తర్వాత మీ వారు పోయారు. ఆయన ఎకరంన్నర మళ్ళీ ముగ్గురికి: భార్యకు 50 సెంట్లు, కూతురికి 50 సెంట్లు, తల్లికి 50 సెంట్లు. అవును, కొడుకు ఆస్తిలో తల్లికి వాటా ఉంది. ఇది చాలామందికి తెలియదు. కూతురు ఆడపిల్ల కాబట్టి లేదు అనే మాట ఆ చట్టంలో ఎక్కడా లేదు.

ఇప్పుడు కూడండి. బావగారు ఎకరంన్నర. మీరూ పాపా కలిసి ఒక ఎకరం. మీ అత్తగారు రెండెకరాలు.

ఈ మొత్తం గొడవలో అందరికంటే పెద్ద వాటాదారు ఎవరో చూశారా? ఎవరూ మాట అడగని మనిషి. పెద్దమనుషుల పంచాయితీలో ఆవిడ నోరు విప్పిందో లేదో మీరు రాయలేదు. నాకు తెలిసి ఆవిడకు కుర్చీ కూడా వేసి ఉండరు.

ఇంకో మెట్టు కూడా చెప్తాను, కానీ అది మనసులోనే ఉంచుకోండి. ఆవిడ ఏ వీలునామా రాయకుండా వెళ్ళిపోతే ఆ రెండెకరాల్లో ఒక ఎకరం బావగారికి, చనిపోయిన కొడుకు బిడ్డగా ఒక ఎకరం మీ పాపకి వస్తుంది. (మీకు రాదు. చట్టం అక్కడ కోడలిని లెక్కలోకి తీసుకోదు, మనవరాలిని తీసుకుంటుంది.) అంటే ఆఖరికి అటు రెండున్నర, ఇటు రెండు. మీరు సగం అనుకున్న రెండుంపావుకీ దీనికీ తేడా పాతిక సెంట్లు. మూడేళ్ళు మాటలు లేకుండా, ఇద్దరాడపిల్లలు మొహాలు తిప్పుకుని తిరుగుతూ పోట్లాడుకుంటున్నది ఈ పాతిక సెంట్ల చుట్టూ. ఆవిడ తన వాటా ఎవరికైనా రాసిచ్చుకోవచ్చు, అది ఆవిడ ఇష్టం. అందుకే ఆ రెండెకరాల మీద కన్నేసి ఆవిడ దగ్గరికి వెళ్ళొద్దు. ముసలివాళ్ళు మన కంటి చూపు ఇట్టే పట్టేస్తారు.

మీరిచ్చిన వివరాల మీద వేసిన లెక్క ఇది. మామగారి దస్తావేజు చూసి స్వార్జితమే అని ఒక లాయరు చేత ఖాయం చేయించుకోండి. పిత్రార్జితం అయితే వాటాలు మారతాయి.

ఇక, అన్నీ వదిలేసి వెళ్ళిపోతాను అన్న మాట. మీ 50 సెంట్లు మీ ఇష్టం. పాప 50 సెంట్లు మీవి కావు. మైనరు ఆస్తిని కోర్టు అనుమతి లేకుండా కన్నతల్లి అయినా రాసివ్వకూడదు. రాసిచ్చినా రేపు ఆ పిల్ల పెద్దదై కోర్టుకెళ్ళి రద్దు చేయించుకోవచ్చు. అంటే మీరు శాంతి అనుకుని పెట్టే సంతకం, నాలుగైదేళ్ళ తర్వాత మీ కూతురికీ ఆమె పెదనాన్నకీ మధ్య కేసవుతుంది. గొడవను మీరు ఆపినట్టు కాదు, బిడ్డ పేరు మీద డిపాజిట్ చేసినట్టు.

అయినా మీరు అడుగుతున్నది శాంతి అని నాకనిపించలేదు. అలసిపోయారు, పడుకోవాలనుంది. అది వేరు. అన్నయ్య ఊరు వెళ్ళినా మూడింటికి మెలకువ వస్తుంది. అక్కడ వదిన ఇంట్లో లైటు వేయడానికి కూడా మొహమాటపడాలి.

మీ ఉత్తరంలో 1996 తుపాను మాట చూసి నేను కాసేపు ఆగిపోయాను. అప్పుడు నేను ఆ చుట్టుపక్కల స్కూల్లోనే పనిచేస్తున్నాను. నవంబరు 6 రాత్రి. తెల్లారి చూస్తే తోటలన్నీ ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి, వరి చేను వాలినట్టు. నిలబడిన చెట్లలో సగం వాటికి తలల్లేవు. తర్వాతి వారాల్లో రైతులు ఏం చేసేవారో తెలుసా? రోజూ పొద్దున్నే తోటకి వెళ్ళి, తల పైకెత్తి ఒక్కో మాను కిందా నిలబడి చూసేవారు. ఒకాయనను అడిగితే చెప్పాడు: ఆకులన్నీ పోయినా మొవ్వు ఉంటే చెట్టు బతుకుతుంది, మొవ్వు విరిగితే ఆకులు పచ్చగా కనబడుతున్నా నాలుగు నెలల్లో మోడే. కొబ్బరి చెట్టుకి ఎదిగే చోటు అదొక్కటే, పక్క కొమ్మ వేయదు. అందుకని మొవ్వులోంచి కొత్త ఆకు మొన తేలిందా లేదా అని చూసేవారు. తేలని వాటిని కొట్టేసి ఆ గోతిలోనే మొక్క పెట్టారు. నాటు మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. అందాకా ఏం తినాలి? వరసల మధ్య అరటి వేశారు. ఏడాది తిరిగేసరికి గెల దిగింది. ఆ గెలలు అమ్మి కొబ్బరి మొక్కలకి నీళ్ళు పోశారు.

మీ మామగారూ అత్తగారూ అదే చేసి ఉంటారు. బిందెతో నీళ్ళు మోసింది ఎవరో మీకే బాగా తెలుసు. రెండెకరాల లెక్క చట్టం ఇప్పుడు రాసింది, ఆవిడ అప్పుడే మోసేసింది.

మీ ఇంట్లో మొవ్వు ఉందా విరిగిందా అని మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అరిసెల డబ్బా దగ్గర దొరికింది నాకు. పెద్దకొడుకు పంచన ఉన్న మనిషి, ఆ ఇంట్లో కంచం పెట్టించుకుంటున్న మనిషి, కోడలు చూడకుండా, కొడుకు చూడకుండా కంచె ఇవతల డబ్బా పెట్టడానికి ఏ వేళ లేచి ఉంటుందో ఆలోచించారా? మీరు రాసిన ఉత్తరంలో "మా వారు" అన్న మాట చాలాసార్లు ఉంది, న్యాయమే. "ఆవిడ కొడుకు" అని ఒక్కసారి కూడా లేదు. పోయింది ఆవిడ చిన్నకొడుకు. మీరిద్దరూ ఒకే మనిషి కోసం, కంచెకి చెరో పక్క ఏడుస్తున్నారు.

అలా అని ఆవిడ దేవత అనడం లేదు. మూడేళ్ళు నోరు మూసుకుని కూర్చోవడం తప్పే. మీకు కోపం ఉంటే ఉండనివ్వండి. కోపంతో కూడా వెళ్ళి పలకరించవచ్చు.

ఇక చేయాల్సిన పని. తహసీల్దారు కార్యాలయం నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోండి. మామగారిదీ మీ వారిదీ మరణ ధ్రువపత్రాలు, తోట దస్తావేజు నకలు, ఈసీ (తోట మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం), అడంగల్ (సాగు రికార్డు), 1బి (భూమి ఎవరి పేరున ఉందో చెప్పే రికార్డు) ఒక ఫైల్లో పెట్టండి. వితంతు పింఛను నెలకు 4,000 వస్తోంది ఇప్పుడు. మీకు అర్హత ఉందో లేదో గ్రామ సచివాలయంలో అడగండి, అడగడానికి సిగ్గుపడకండి. తర్వాత మీకు దగ్గరున్న కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. అక్కడికి వెళ్ళే ముందు 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు. ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరునిస్తారు. 1987 చట్టంలోనే ఆ మాట ఉంది. మీ జీతం ఎంతో కూడా అడగక్కర్లేదు.

అక్కడ కేసు వేయకండి. కేసు వేయకముందే రాజీ కోసం ఒక దరఖాస్తు పెట్టుకోవచ్చు. తెల్ల కాగితం మీద రాస్తే చాలు, కోర్టు ఫీజు లేదు. వాళ్ళు బావగారినీ అత్తగారినీ పిలుస్తారు. కుదిరితే లోక్ అదాలత్‌లో అవార్డు, అంటే రాజీ తీర్పు, రాస్తారు. దానికి సివిల్ కోర్టు డిక్రీకి ఉన్నంత బలం ఉంది, దాని మీద అప్పీలుకి వెళ్ళడానికి లేదు. పాప మైనరు కాబట్టి ఆమె వాటా విషయంలో కోర్టు అనుమతి తీసుకోవాలి. అది లాయరు చూసుకుంటారు, మీరు గుర్తు చేస్తే చాలు. కుదరకపోతే? భాగం పంచమని దావా వేయండి. అందులో తప్పేమీ లేదు. కోర్టుకెక్కడం అంటే యుద్ధం ప్రకటించడమనుకునే అలవాటు మనకు బాగా ఉంది. నావరకు నాకు, మనిషిని ఊళ్ళో నలుగురిలో నిలబెట్టి అడగడం కంటే కాగితం మీద అడగడం మర్యాదగా ఉంటుంది. మీ అన్నయ్య మంచివాడే, కానీ ఈ విషయంలో ఆయనను వెనక వరసలో కూర్చోమనండి. చెల్లెలి కోసం గొంతు పెంచడం తేలిక. మర్నాడు పొద్దున్న ఆ కంచె పక్కన ముగ్గు వేసుకోవాల్సింది మీరు.

లోక్ అదాలత్ అనగానే అందరూ కావలించుకుని ఏడుస్తారని ఊహించుకోకండి. నేను కూర్చున్న బెంచీ ముందుకి ఒకసారి అన్నదమ్ములు వచ్చారు. పన్నెండేళ్ళ తగాదా. బల్లకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. మధ్యలో తల్లి, ఒళ్ళో ప్లాస్టిక్ సంచీ, అందులో పాత కాగితాలు. ఎకరాలు, దారి, మోటారు, అన్నీ గంటలో తేలిపోయాయి. సరిహద్దు మీద ఉన్న పనస చెట్టు దగ్గర ఆగింది. మొదలు ఒకరి వైపు, కాయలు రెండో వాళ్ళ వైపు. ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఇంక అయిపోయిందనుకున్నాం. జడ్జిగారు తల్లిని అడిగారు, నువ్వేమంటావమ్మా అని. "నాకు పనస పొట్టు కూరంటే ఇష్టం బాబూ" అందావిడ. అంతే. అవార్డులో అలాగే రాశాం: సరిహద్దు పనస కాయలు తల్లి జీవించి ఉన్నంత కాలం తల్లివి. సంతకాలయ్యాక బయట ఇద్దరూ బండ్లు స్టార్ట్ చేసి ఆవిడ వైపు చూశారు. ఆవిడ ఇద్దరినీ చూసి, ఆటో పిలిచి ఎక్కి వెళ్ళిపోయింది. వాళ్ళు ఆ రోజు మాట్లాడుకోలేదు. తర్వాత మాట్లాడుకున్నారో లేదో కూడా నేను వినలేదు. కేసు మాత్రం లేదు, పనస పొట్టు కూర ఉంది. ప్రస్తుతానికి మీరు ఆ మాత్రం శాంతి ఆశించండి.

దరఖాస్తులో మొదటే వాటాలు అడగొద్దు. రెండే రెండు అడగండి: బోరు నుంచి మీ వైపుకి ఒక పైపు, దింపు దింపుకీ మీకూ పాపకీ వచ్చే తొమ్మిదింట రెండు వంతుల (నాలుగున్నర ఎకరాల్లో ఒక ఎకరం) డబ్బు, లెక్కతో సహా. ఆ డబ్బు పాప పేరున ఖాతాలో వేయమనండి. బావగారికి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది, గమనించారా? "మరదలికి లొంగాను" అని ఆయన అనుకోనక్కర్లేదు, "తమ్ముడి బిడ్డకి ఇచ్చాను" అనుకోవచ్చు. ఊళ్ళో అలాగే చెప్పుకోవచ్చు. చెప్పుకోనివ్వండి. పాత మూడేళ్ళ బకాయి సంగతి వదులుకోమనడం లేదు, కానీ మొదటి రోజే బల్ల మీద పెట్టకండి. పంపకం మాట వచ్చినప్పుడు అది కూడా వస్తుంది.

పిల్లల విషయం మాత్రం ఇవాళే. మీ పాపను కూర్చోబెట్టి ఒక్క మాట చెప్పండి: నువ్వు ఆ అమ్మాయితో మాట్లాడితే నాకు కోపం రాదు, నేను బాధపడను. పిల్లలు పంతం పట్టి ఊరుకోరమ్మా, తల్లి కోసం ఊరుకుంటారు. క్లాసులో నేను ఎన్నోసార్లు చూశాను. ఇళ్ళ మధ్య గొడవున్న పిల్లలు లంచ్ బెల్లు కొట్టగానే టీచరు చూస్తున్నారా లేదా అని కాదు, ఇంటికి ఎవరైనా మోస్తారేమో అని దిక్కులు చూస్తారు. అవతలి అమ్మాయి మొదట పలకకపోవచ్చు. పరవాలేదు. పదో తరగతి పరీక్షల ముందు ఒక బరువు మీ పిల్ల భుజం మీద నుంచి దిగుతుంది.

దరఖాస్తు పెట్టేది మీరే కాబట్టి, ఆ నోటీసు అందేలోపే అత్తగారిని కలవండి. నోటీసు చూసి ఆవిడ బెదిరిపోకూడదు. బావగారు తోటకి వెళ్ళిన వేళ చూసి దొంగలా వెళ్ళకండి, ఆయన ఇంట్లో ఉన్నప్పుడే వెళ్ళండి. గేటు దగ్గర నిలబడి "అత్తయ్యా" అని గట్టిగా పిలవండి. పాపను తీసుకెళ్ళండి. కాగితాల మాట ఎత్తొద్దు. ఆవిడే ఎత్తితే, "లెక్కలో అందరికంటే పెద్ద వాటా మీదేనట అత్తయ్యా, మీరు ఏమంటే అది" అనండి. మర్యాదకి అన్నట్టు ఉండకూడదు, అది నిజం కూడాను. ఆవిడ మొహం తిప్పుకుంటే తిరిగి వచ్చేయండి, ఇంకో పదిహేను రోజులకి మళ్ళీ వెళ్ళండి.

ఆ డబ్బా కూడా పట్టుకెళ్ళండి. మన ఇళ్ళల్లో ఎవరి గిన్నె వాళ్ళకి ఖాళీగా ఇచ్చే అలవాటు లేదు కదా. ఇన్నాళ్ళూ ఇవ్వలేకపోయింది కూడా బహుశా అందుకేనేమో. సున్నుండలు చేయండి. షుగరుంటే మాత్రం జంతికలు.